కోసినా రంగు పోని పూలు



మన ఇళ్లలో పువ్వు ఆయుష్షు ఒక్క పూట. పొద్దున కోసి దేవుడికి పెడతాం, జడలో తురుముకుంటాం, మర్నాటికి తీసి పారేస్తాం. అలాంటిది, కోసిన పువ్వును ఏ మందూ మాకూ లేకుండా ఏడాది దాకా దాచుకోవచ్చంటే చాలామంది నమ్మరు. ప్లాస్టిక్ పువ్వేమోనని గిల్లి చూస్తారు. గిల్లితే గరగరమంటుంది, దాంతో అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఈవేళ ఆ గరగరలాడే పూల సంగతే. వాటిని గింజ వేసి ఎలా పెంచాలి, ఎప్పుడు కోయాలి, ఎలా ఆరబెట్టాలి అన్నది మాట్లాడుకుందాం.

ఇంగ్లండులోనో అమెరికాలోనో అచ్చయిన విత్తనాల పట్టిక తిరగేస్తే, ఎండబెట్టుకోవడానికి పనికొచ్చే ఏకవార్షికాలని ఒక భాగం ఉంటుంది. వింత రకాలు, అరుదైన రకాలు అని ఊరిస్తారు. ఆ పేర్లు చదువుతూ పోతే మనకు నవ్వొస్తుంది. సెలోషియా, గోంఫ్రీనా, అమరాంథస్, కార్తమస్, సెటేరియా. ఇవేవో కావు, మన గునుగు, బొగడబంతి, తోటకూర, కుసుమ, కొర్ర. వాళ్లకు గాజు కూజాలో పెట్టి మురిసిపోయే అపురూపాలు. మనకు వీటిలో ఒకటి చేలో కలుపు, ఒకటి కూర, ఒకటి నూనెగింజ, ఒకటి అన్నం. అందుకే నేనేమంటానంటే, ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి ఏడాది విదేశీ పొట్లాల జోలికి పోనక్కర్లేదు. మన ఎండకూ వానకూ అలవాటుపడ్డ వాటితో చేయి తిరగనివ్వండి. ఆ తర్వాత చలికాలపు పరాయి రకాలకు వెళ్లొచ్చు.

గునుగుతోనే మొదలుపెడదాం. వానలు వెనకబడుతున్న రోజుల్లో తెలంగాణ బీళ్లలో, జొన్న చేలల్లో, గట్ల మీద వెండిరంగు కంకులు నిలబడి ఉంటాయి, కొసన కాస్త గులాబీ ఛాయతో. బతుకమ్మ రోజులు రాగానే తెల్లారకముందే వెళ్లి కోసుకొస్తారు. కాడలు సమానంగా కత్తిరించి, చిన్న చిన్న కట్టలు కట్టి, కొసలను రంగునీళ్లలో ముంచి, తాంబాళంలో తంగేడుతో కలిపి వరసలుగా పేరుస్తారు. ఆ పనంతా ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. సరైన దశలో కోయడం, ఆకు దూయడం, కట్ట కట్టడం, రంగు అద్దడం, ఇవన్నీ ఎండుపూల వ్యాపారంలో కూలీలకు ప్రత్యేకంగా నేర్పించే పనులు. మన ఆడవాళ్లకు అవి చిన్నప్పటి నుంచీ వచ్చు. ఎండబెట్టడం ఒక్కటే అక్కర్లేకపోయింది, ఎందుకంటే బతుకమ్మ చెరువుకు పోతుంది. పేర్చగా మిగిలిన గునుగు కట్టను దండేనికి తలకిందులుగా వేలాడదీసి చూడండి, సంక్రాంతి దాటినా చెక్కుచెదరదు.

కోడిజుట్టు పువ్వు, పట్టుకుచ్చు పువ్వు ఈ గునుగు జాతివే, తోటల్లో మచ్చికైన తోబుట్టువులు. కోడిజుట్టు ఆకారం ఎలా వచ్చిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మామూలుగా మొక్క కొన ఒక బిందువు దగ్గర పెరుగుతూ పోతుంది. దీనిలో ఆ బిందువు అడ్డంగా సాగి గీతలా మారుతుంది. ఆ గీత పొడవునా పెరుగుదల సాగి, చోటు చాలక మడతలు పడుతుంది. ఆ మడతలే మనం ముచ్చటపడే జుట్టు. చేత్తో తడిమితే మఖమలు గుడ్డలా ఉంటుంది. ఎండినా ఆ మెత్తదనం చాలావరకు నిలుస్తుంది. ఇక గునుగాకు సంగతి. పల్లెల్లో లేత ఆకు కూర వండుకుంటారు. నైజీరియాలో అయితే ఇదే మొక్కను ఆకుకూరగా మడులు కట్టి సాగు చేస్తారు.

వీటి గింజ నల్లగా, నిగనిగలాడుతూ, ఆవగింజకన్నా చిన్నగా ఉంటుంది. గ్రాముకు వెయ్యికి పైగా తూగుతాయి. అందుకని చేత్తో చల్లితే ఒకచోట కుప్పపడుతుంది. గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లుకోండి. మృగశిర కార్తెలో, అంటే జూన్ రెండో వారంలో తొలకరి పడ్డాక చల్లితే సెప్టెంబరుకు పూతకొస్తాయి. నారు పోసి నాటేవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ జాతి నారును ట్రేలో ఎక్కువ రోజులు ఉంచకూడదు. వేరు ఇరుకున పడిందంటే, మొక్క జానెడు కూడా ఎదగకుండానే తొందరపడి బొటనవేలంత పువ్వు పూసేస్తుంది. తర్వాత ఎంత ఎరువు వేసినా అంతే. నాలుగైదు ఆకులు రాగానే నేలలోకి మార్చేయాలి. కోడిజుట్టు రకానికి తల తుంచకూడదు, తుంచితే పెద్ద జుట్టు రాదు. పట్టుకుచ్చు రకానికి తుంచితేనే మేలు, పక్క కొమ్మలొచ్చి పూలు ఎక్కువవుతాయి.

బొగడబంతి మనకు పాత చుట్టమే గానీ పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం. ఒక పువ్వు తెంపి, గోటితో విప్పి చూడండి. మనం పువ్వనుకునే ఆ గుండ్రటి బంతిలో రేకులే లేవు. రంగు కాగితంలాంటి చిన్న పొలుసులు జతలు జతలుగా పేర్చి ఉంటాయి. అసలు పువ్వు ఆ పొలుసుల మధ్య దూదిలాంటి నూగులో దాక్కుని ఉంటుంది. కొసన లేత పసుపు చుక్కలా బయటికి తొంగిచూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. ఆ పొలుసుల్లో మొదటి నుంచీ నీరు చాలా తక్కువ. నీరు లేనిది వాడేదేముంది? ఎండుపూలన్నిటి గుట్టూ దాదాపు ఇదే. గులాబీ, మల్లె రేకులు నీటితో నిండి ఉంటాయి కనుక ముడుచుకుపోతాయి. వీటికి ముడుచుకోవడానికి ఏమీ లేదు. రంగు కూడా గట్టిది. బీట్‌రూట్‌కు ఎరుపునిచ్చే బీటాలైన్లనే పదార్థాలే బొగడబంతికీ కోడిజుట్టుకూ రంగునిస్తాయి. అయితే అవి నీళ్లలో కరిగే రంగులు. కాబట్టి ఎండిన గుత్తి మీద నీళ్లు చిలకరించి తాజాగా ఉంచాలని చూడకండి.

బొగడబంతి గింజ నూగులో చుట్టుకుని ఉంటుంది. ఆ నూగుతో సహా వేస్తే కొన్ని వారానికి, కొన్ని మూడు వారాలకు మొలుస్తాయి, కొన్ని అసలు మొలవవు. రెండు అరచేతుల మధ్య కాస్త ఇసుకతో నలిపి నూగు రాల్చి, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి వేస్తే చాలావరకు ఒకేసారి లేస్తాయి. ఊదా, తెలుపు, లేత గులాబీ రకాలు మనకు తెలిసినవే. ఎరుపు, నారింజ రంగులు కావాలంటే అది వేరే జాతి. గోంఫ్రీనా హాగియానా పేరుతో విత్తనం దొరుకుతుంది, టెక్సాస్, మెక్సికో వైపు మొక్క. కాడ పొడుగ్గా ఉంటుంది కాబట్టి గుత్తులకు అదే బాగుంటుంది.

కుసుమ గురించి ఒక మాట. తాండూరు, జహీరాబాద్ వైపు యాసంగిలో కుసుమ చేలు చూసినవాళ్లకు ముళ్లే గుర్తుంటాయి. తాండూరులో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ పంట మీద చాలాకాలంగా పనిచేస్తోంది. ముళ్లు లేని రకాలు కూడా వచ్చాయి, మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో రూపొందించిన నారి-6 అలాంటిదే. పూలగుత్తులకు ఈ ముళ్లు లేనివే వేసుకోండి. మొగ్గ కొసన నారింజ కుచ్చు కనబడగానే కాడతో కోసి వేలాడదీస్తే, పసుపు, నారింజ, ఆకుపచ్చ మూడూ నిలుస్తాయి. ఆలస్యమైతే కుచ్చు ఇటుకరంగుకు తిరుగుతుంది. కుంకుమపువ్వులో కల్తీకి వాడేది ఈ కుచ్చే, రంగులో అంత పోలిక. కొర్ర కంకులను కూడా పాలు గట్టిపడుతున్న దశలో, ఇంకా పచ్చదనం ఉండగానే కోసి ఎండబెట్టండి. బాగా ముదిరాక కోస్తే ఇంటినిండా గింజలు రాలతాయి, పిచ్చుకలకు పండగ.

ఇక పరాయి రకాలు. ఇక్కడే చాలామంది దెబ్బతినేది. పొట్లం వెనక మార్చి, ఏప్రిల్‌లో విత్తమని రాసి ఉంటుంది. అది మంచు కురిసే దేశాలకు రాసిన మాట. మన దగ్గర ఏప్రిల్‌లో వేస్తే మొలక మాడిపోతుంది. వాళ్ల వసంతం మనకు చలికాలంలో దొరుకుతుంది. హస్త, చిత్త కార్తెల్లో, అంటే సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మూడో వారం దాకా నారు పోసుకోవాలి. తెలంగాణ, రాయలసీమల్లో ఇది చక్కగా సరిపోతుంది. కోస్తాలో తుఫాన్ల కాలం కాబట్టి నారు ట్రేలను పైకప్పు కింద ఉంచి, స్వాతి కార్తెలో, కాస్త వాన తెరిపిచ్చాక నాటుకోండి. జనవరి నుంచి మార్చి వరకు పూలు.

వీటిలో మొదట చెప్పాల్సింది హెలిక్రైసమ్. పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1803లో వెంటెనా అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త, నెపోలియన్ భార్య జోసఫీన్ తోట అయిన మాల్మెజాన్‌లో పెరిగే మొక్కల పుస్తకంలో దీన్ని వర్ణించాడు. 1850ల్లో జర్మనీలో ఒక తోటమాలి రకరకాల రంగులు పుట్టించాడు. ఇవాళ మనకు దొరికే ఎరుపు, గులాబీ, రాగిరంగు రకాలకు మూలం ఆ పనే. చామంతి కుటుంబమే గానీ ముట్టుకుంటే కాగితం. ఇందులోనూ రేకులుగా కనబడేవి పొలుసులే. మరో తమాషా, ఎండి చచ్చిన పువ్వు కూడా గాలిలో తేమ పెరిగితే ముడుచుకుంటుంది, ఎండ తగిలితే విచ్చుకుంటుంది. ప్రాణంతో సంబంధం లేదు, పొలుసు అడుగుభాగం నీరు పీల్చి ఉబ్బడమే కారణం. పిల్లలకు చూపించండి, గిన్నెడు నీళ్ల మీద తేలేసి కాసేపు ఆగితే చాలు.

హెలిక్రైసమ్ గింజకు వెలుతురు కావాలి. ట్రేలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి నింపి, తడిపి, గింజను పైన పెట్టి వేలితో అదమండి. మట్టి కప్పకండి. చిన్న గింజ, పైపైనే ఉంటుంది కాబట్టి రోజ్‌క్యానుతో పోస్తే కొట్టుకుపోతుంది. ట్రేను నీళ్ల పళ్లెంలో పెట్టి కింది నుంచి తడి పీల్చుకోనివ్వాలి. పొట్టు మరీ ముద్దగా ఉంటే నారుకుళ్లు వస్తుంది. సాయంత్రం నిలబడ్డ నారు పొద్దునకు మొదలు దగ్గర విరిగి పడుకుంటుంది. ఆ తెగులు వచ్చాక చేసేది తక్కువ, కాబట్టి ముందే పొట్టులో ట్రైకోడెర్మా కలుపుకోవడం, గాలి ఆడేట్టు పలచగా వేయడం మంచిది. నారు అరజానెడు ఎదిగాక అడుగు ఎడంతో నాటి, కుదురుకున్నాక తల తుంచండి. నత్రజని ఎరువు గుప్పించొద్దు, ఆకు ఏపుగా వచ్చి కాడ బలహీనపడుతుంది.

స్టాటిస్ మధ్యధరా సముద్రపు ఒడ్డు మొక్క. పెళ్లిమంటపాల అలంకరణలో గులాబీల మధ్య ఊదారంగులో గరుకుగా కనబడే చిన్న పూలగుత్తి చూసే ఉంటారు, అదే. రంగున్నది గిన్నెలాంటి పుష్పకోశానికి. అసలు పువ్వు లోపల తెల్లగా ఒక చుక్క, రెండు రోజుల్లో రాలిపోతుంది, గిన్నె మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. మొదట ఇది ముల్లంగి ఆకులా నేలకు అంటుకుని పరుచుకుంటుంది. ఆ దశలో కొన్ని వారాలు చల్లటి రాత్రులు తగలాలి, పదిహేను డిగ్రీలకు అటూ ఇటూ. అప్పుడే కాడ లేస్తుంది. హైదరాబాద్ చలి దీనికి చాలు, ఆదిలాబాద్, అరకు, మదనపల్లె ఇంకా మేలు. విజయవాడ, ఏలూరు వైపు వాళ్లు దీని కోసం పంతం పట్టడం నా దృష్టిలో వృథా ప్రయాస. వాళ్లకు బొగడబంతి, కోడిజుట్టు ఏడాది పొడవునా పండుతాయి, అది మాకు లేని అదృష్టం.

నైజెల్లా డమసీనా నాకు చాలా ఇష్టమైన మొక్క. మన వంటింటి నల్లజీలకర్రకు దగ్గరి చుట్టం. సోంపాకులా సన్నటి దారపు పోగుల మధ్య నీలం పువ్వు. కానీ ఎండబెట్టేది పువ్వును కాదు, కాయను. పువ్వు రాలాక కాయ బుడగలా ఉబ్బి, దాని మీద ఊదా చారలు దిగుతాయి, పైన కొమ్ముల్లా నాలుగైదు కొసలు. ఆ చారలు స్పష్టంగా ఉన్నప్పుడే కోయాలి. కాయ గోధుమరంగుకు తిరిగితే పైన పగిలి, గింజలు రాలి, చారలు మాసిపోతాయి. దీనిది తల్లివేరు, కదిలిస్తే అలుగుతుంది. నారు పోయకుండా నేలలోనే గింజ వేసి, పావు అంగుళం మట్టి కప్పి, మొలిచాక పలచన చేసుకోండి. వంటింటి నల్లజీలకర్ర వేసినా ఇలాంటి మొక్కే వస్తుంది, కాయ అంత ఉబ్బదు, అందం తక్కువ. అయితే డమసీనా గింజను నల్లజీలకర్రకు బదులు తాలింపులో మాత్రం వేయకండి. పూల విత్తనాలకు మందు పట్టించి ఉండొచ్చు కూడా.

మొలుసెల్లా అని ఇంకొకటుంది, బెల్స్ ఆఫ్ ఐర్లాండ్ అంటారు, నిజానికి ఐర్లాండ్‌తో దానికి సంబంధం లేదు, టర్కీ, సిరియా ప్రాంతాలది. కాడ చుట్టూ పచ్చటి గిన్నెలు అంచెలంచెలుగా ఉంటాయి. గింజ మొండిది. తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంచి, పైపైన వేయాలి. ఎండాక పచ్చదనం పోయి గడ్డిరంగు వస్తుంది, సన్న ముళ్లు గుచ్చుకుంటాయి. గాజు కూజాలో చూసి మోజుపడేవాళ్లు ఒకసారి వేసుకోండి. నేనైతే ఆ మడి నైజెల్లాకు ఇస్తాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, కోత. ఎండబెట్టడం అంటే అదేదో యంత్రమో రసాయనమో అనుకుంటారు. ఎండబెట్టడానికి తాడు, నీడ, గాలి చాలు. చెడేదీ బాగుపడేదీ కోతలోనే. మన కన్ను నిండుగా విచ్చిన పువ్వునే కోయమంటుంది, పూజకు కోసే అలవాటు కదా. ఎండుపూలకు ఆ అలవాటు పనికిరాదు. ఒక్కో జాతికి ఒక్కో ఘడియ ఉంది. హెలిక్రైసమ్‌ను మొగ్గ చుట్టూ ఒకటి రెండు వరసల పొలుసులు మాత్రమే విచ్చినప్పుడు కోయాలి. మిగతావి ఆరుతూ ఆరుతూ వాటంతటవే విచ్చుకుంటాయి. పూర్తిగా విచ్చాక కోస్తే ఎండేసరికి వెనక్కి తిరిగి, మధ్యలో పచ్చటి బొట్టు బూడిదరంగై, పువ్వు ముసలిదవుతుంది. స్టాటిస్ సంగతి దీనికి వ్యతిరేకం, గుత్తిలో ముప్పాతిక వంతు విచ్చాక గానీ కోయకూడదు, విచ్చని మొగ్గలు కోశాక విచ్చవు. బొగడబంతి నిండుగా గుండ్రంగా అయి, కింది పొలుసుల రంగు ఇంకా వెలవకముందు. కాడను పట్టుకుని అటూ ఇటూ ఆడించి చూడండి. మెడ దగ్గర ఊగిసలాడితే ఇంకా లేత, నిటారుగా నిలబడితే కోతకు సిద్ధం. కోడిజుట్టును అడుగున నల్ల గింజలు ముదరకముందు.

మంచు ఆరాక కోయండి, పొద్దున తొమ్మిది, పదింటికి. తడి పువ్వు కట్టలో బూజు పడుతుంది. కోసిన వెంటనే ఆకులన్నీ దూసేయాలి, ఆకులో ఉన్న నీరే ఆరడాన్ని ఆలస్యం చేసేది. హెలిక్రైసమ్ కాడ ఎండాక మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది కాబట్టి దానికో ఉపాయం ఉంది. పచ్చిగా ఉండగానే కాడను అంగుళం దగ్గర కత్తిరించి, సన్నటి ఇనుప తీగను కింది నుంచి పువ్వు మధ్యలోకి గుచ్చండి, పైకి పొడుచుకు రాకుండా. పువ్వు ఆరుతూ బిగుసుకుని తీగను పట్టేస్తుంది. పచ్చి రసం తగిలి తీగ కాస్త తుప్పు పడుతుంది, ఆ తుప్పే జిగురు పని చేస్తుంది. స్టెయిన్‌లెస్ తీగ వాడితే ఈ పట్టు దొరకదు.

ఎనిమిది, పది కాడలకు మించకుండా కట్ట కట్టండి. దారంతో వద్దు, రబ్బరు బ్యాండుతో. కాడలు ఆరి సన్నబడుతుంటాయి, దారపు ముడి వదులై ఒక్కో కాడా జారి కిందపడుతుంది. రబ్బరైతే వాటితోపాటే బిగుస్తుంది. తలకిందులుగా ఎందుకంటే, మెడ మెత్తగా ఉన్నప్పుడు బరువుకు వంగి అలాగే గట్టిపడకుండా. చీకటి ఎందుకంటే, వెలుతురు రంగును తినేస్తుంది. మన వాళ్లు వడియాలు, అప్పడాలు ఆరబెట్టినట్టు డాబా మీద ఎర్రటి ఎండలో పరిచారంటే, పూలు ఆరతాయి, నిజమే, కానీ వెలిసిపోయి ఆరతాయి. అటక, మెట్ల కింది గది, వాడని పడకగది మంచివి. వంటగది వద్దు, ఆవిరి, తాలింపు జిడ్డు పట్టుకుంటాయి. తెలంగాణలో ఫిబ్రవరి, మార్చిలో వారం, పది రోజుల్లో ఆరిపోతాయి. కోస్తా గాలిలో మూడు వారాలు పట్టొచ్చు, గదిలో ఫ్యాన్ తిప్పితే కొంత నయం. ఆరిందా లేదా అని రేకు చూసి చెప్పకండి. మెడను వంచి చూడండి, చిటుక్కుమంటే ఆరినట్టు, వంగితే ఇంకా తడి ఉన్నట్టు.

బంతి, జినియా లాంటి నీటి రేకుల పూలు వేలాడదీస్తే నలిగిన గుడ్డపీలికలవుతాయి. వాటికి సిలికా జెల్ గుళికలు కావాలి. డబ్బాలో అంగుళం మేర పోసి, పువ్వును పెట్టి, రేకుల మధ్య కూడా నిండేలా చెంచాతో మెల్లగా పోసి, మూత బిగించి, అయిదారు రోజులు ఉంచాలి. ఓవెన్‌లో వేడి చేసుకుంటే ఆ గుళికలు మళ్లీ పనికొస్తాయి. నీలం రంగు గుళికల్లో కోబాల్టు రసాయనం ఉంటుంది, వంట పాత్రలకు, పిల్లలకు దూరంగా ఉంచండి. ఖర్చు ఎందుకనుకుంటే, కడిగి ఆరబెట్టిన సన్న ఇసుక కూడా ఈ పని చేస్తుంది, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

ఆరాక శత్రువులు ఇద్దరు, తేమ, పురుగు. పసుపు కొమ్ముల్లో, ధనియాల డబ్బాలో కనబడే గోధుమరంగు చిన్న పెంకుపురుగు ఉంటుందే, పొగాకు నిల్వల్లో కూడా అదే, ఎండుపూలంటే దానికి మహా ప్రీతి. గుత్తి కింద సన్నటి పొడి రాలుతోందంటే అది చేరినట్టే. బాగా ఆరిన కట్టలను పాలిథిన్ కవరులో గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో మూడు నాలుగు రోజులు పెడితే గుడ్లతో సహా చస్తుంది. తీశాక కవరు వెంటనే విప్పొద్దు, గది వేడికి వచ్చేదాకా ఆగండి. లేకపోతే చల్లటి పూల మీద గాలిలో తేమ చెమటలా పడుతుంది. వానాకాలం నాలుగు నెలలూ పూలను అట్టపెట్టెలో, వార్తాపత్రిక పొరల మధ్య దాచుకుని, దసరా ముందు తీసి అలంకరించుకోవడం తెలివైన పని.

ఇందులో నాలుగు డబ్బులొస్తాయా అని అడుగుతారు. తూత్తుకుడి, కోల్‌కతా ఎండుపూల ఎగుమతికి పేరున్న ఊళ్లు. అక్కడి నుంచి ఓడలెక్కే సరుకులో సాగు చేసిన పూలకన్నా తామర కాయలు, ఎండు కాయలు, ఆకులు, గడ్డికంకులే ఎక్కువ. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ పూలు ఎండబెట్టే పద్ధతుల మీద చాలాకాలంగా పనిచేస్తూ శిక్షణ ఇస్తోంది. మన వైపు తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుని, ఆలయాల్లో అలంకరణకు వాడిన పూలను ఎండబెట్టి, ఆ రేకులతో దేవతామూర్తుల పటాలు చేయించడం మొదలుపెట్టింది. అది పరిచి అదిమే పద్ధతి, మనం చెప్పుకుంటున్న వేలాడదీసే పద్ధతి కాదు. రైతులకు నా సలహా, ఎకరం వేసి కొనేవాడి కోసం వెతకొద్దు. ఉన్న తోటలో ఒక మడి బొగడబంతి, ఒక మడి కోడిజుట్టు వేసి, దగ్గరి పట్నంలో అలంకరణ పనులు చేసేవాళ్లకు నాలుగు కట్టలు చూపించి, వాళ్లేమంటారో విని అప్పుడు విస్తరించండి. తాజా పువ్వు తెల్లవారేలోగా అమ్ముడుపోవాలి, ధర పడిపోయినా ఇచ్చెయ్యాల్సిందే. ఎండుకట్ట అటక మీద ఉంటుంది, తొందరపెట్టదు. చిన్న రైతుకు ఆ వెసులుబాటు తక్కువది కాదు.

చివరగా విత్తనం. ఏటా కొననక్కర్లేదు. కోడిజుట్టు పూలలో ఒకటి రెండు మంచివి కోయకుండా చెట్టునే ముదరనిచ్చి, తర్వాత కోసి, కింద కాగితం పరిచి వేలాడదీస్తే నల్ల గింజలు వాటంతటవే రాలి పడతాయి. బొగడబంతిని బంతి బంతిగానే దాచుకుని, విత్తేముందు నలుపుకోవచ్చు. నైజెల్లా కాయ బోర్లిస్తే గింజ. స్టాటిస్ గింజ ఆ కాగితపు గిన్నెల్లోనే ఉంటుంది, విడదీయకుండా చిదిమి వేసేయండి. గునుగు, కోడిజుట్టు పక్కపక్కన ఉంటే తేనెటీగలు పుప్పొడి కలిపి పై ఏడాది రెండూ కాని రకాలు పుట్టొచ్చు, కాబట్టి విత్తనానికి ఉంచిన మొక్కను దూరంగా పెట్టండి. పొట్లం మీద ఎఫ్‌-1 హైబ్రిడ్ అని ఉంటే మాత్రం దాని గింజ దాచకండి, తల్లి పోలిక రాదు. గింజలు పూర్తిగా ఆరాక కాగితం పొట్లంలో కట్టి, పేరు, కోసిన నెల రాసి, గాజు సీసాలో వేసి ఫ్రిజ్ అడుగు అరలో పెట్టండి. బొగడబంతి, కోడిజుట్టు పొట్లాలు మృగశిరకు తీయండి, మిగతావి హస్తకు.